అమ్మవారు లేని జబ్బు

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, సర్పంచ్ గారికి, గ్రంథపాలకురాలు గారికి, కోతలు నెత్తిమీద పెట్టుకుని కూడా వచ్చిన రైతు సోదరులకి, ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్ళకి నమస్కారం. వెనక గోడ వారన నిలబడ్డ పదో తరగతి పిల్లలకి కూడా. మిమ్మల్ని మీ మాష్టారు బలవంతాన తీసుకొచ్చారని నాకు తెలుసు. నేనూ మాష్టారినే, నేనూ అలాగే తీసుకెళ్ళేవాణ్ణి. ఆ శాలువా ఇప్పుడొద్దండి, చివర్లో చూద్దాం. మాట్లాడాక మీకు కప్పాలనిపించకపోవచ్చు.

నాకిచ్చిన అంశం ‘పల్లె జీవనం - నాడు, నేడు’. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. అట్లతద్దులు, సంక్రాంతి ముగ్గులు, ఏతాలు, ఎడ్లబళ్ళు, అన్నీ ఉన్నాయందులో. అయితే నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన ఒక మాటన్నారు. ఆయనంటే నాకు గౌరవం, వయసులో నాకంటే పెద్ద. కానీ ఆ మాట విన్నాక ఈ నాలుగు పేజీలు చదవబుద్ధి కావడం లేదు. ఆయన ఏమన్నారు? “మన తాతల కాలంలో రోగాలెక్కడివండీ? చద్దన్నం, గేదె పెరుగు, కాలవ నీళ్ళు. ఇంజెక్షనంటే ఏమిటో తెలీదు, నూరేళ్ళు బతికారు” అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. పక్కనే కూర్చుని కొట్టకపోతే బాగోదని నేనూ రెండు కొట్టాను.

మా మామ్మకి ఎనిమిది కాన్పులండి. పెద్దయి పెళ్ళిళ్ళు చేసుకున్నది ముగ్గురు. తక్కిన ఐదుగురూ ఎక్కడికి పోయారు? చద్దన్నం తినలేదా వాళ్ళు? ఆ ఇంట్లో గేదెలకి లోటు లేదు. నాలుగెకరాల మాగాణి, కాలవ కింద. మా తాత మరీ పేదవాడేం కాదు, ధనవంతుడూ కాదు. శిస్తు కట్టి, ఏడాది తిండికి గాదెలో ధాన్యం పోసుకుని, మిగిలింది అమ్ముకునే రైతు. వెనక బల్లల మీద కూర్చున్న మీలో చాలామంది తాతలూ అంతే.

ఒక బిడ్డ పురిట్లోనే పోయింది. ఎనిమిదో రోజున. పాలు తాగడం మానేసింది, దవడలు బిగిసిపోయాయి, ఒళ్ళు విల్లులా వంగింది. బొడ్డు కోసింది కొడవలితో, రాసింది పేడబూడిద. ధనుర్వాతం అని ఈరోజు మనకి తెలుసు. అప్పుడు పురిటి గాలి సోకిందన్నారు. ఇంకొకడు ఏడాదిన్నర పిల్లాడు, పొంగు పోసి తగ్గింది, తగ్గాక విరేచనాలు పట్టుకుని పోయాడు. పొంగంటే మీజిల్స్. అది వచ్చి వెళ్ళాక పిల్లల్లో రోగాన్ని తట్టుకునే శక్తి కొన్నాళ్ళు పడిపోతుంది, వెనకనుంచి ఇంకోటి వచ్చి పట్టుకుపోతుంది. ఆ ఇద్దరి గురించి మామ్మ ఎప్పుడైనా మాట్లాడేది. మిగతా ముగ్గురి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ కథ నాకు మా పెద్దత్త చెప్పింది. అప్పటికి ఆవిడకి పదకొండేళ్ళు.

రెండో ప్రపంచ యుద్ధానికి ఒకటి రెండేళ్ళ ముందు మాట. కార్తీకం. కోతలు సాగుతున్నాయి. అప్పుడు దాళ్వా గీళ్వా అని రెండో పంట అందరికీ లేదు, వానాకాలపు సార్వా పంటే ఏడాది బతుకు. కోసిన పనలు చేలో పరిచి ఉన్నాయి. ఇంట్లో మా పెద్దత్త కాకుండా ముగ్గురు: ఏడేళ్ళ పిల్లాడు, ఐదేళ్ళ ఆడపిల్ల, మూడేళ్ళ పిల్లాడు. ముందు ఏడేళ్ళ వాడికి జ్వరం. పెద్ద జ్వరం కూడా కాదట, కాస్త వెచ్చబడింది, గొంతు నొప్పన్నాడు. మిరియాల పాలిచ్చారు. మర్నాటికి మెడ రెండు పక్కలా వాచిపోయి, గడ్డం ఎక్కడ అవుతుందో మెడ ఎక్కడ మొదలవుతుందో తెలీకుండా అయిపోయింది. మాట ముక్కులోంచి వస్తోంది.

ఊళ్ళో వైద్యుడొచ్చారు. పెద్దత్త హరికేన్ లాంతరు పట్టుకుని పక్కన నిలబడింది. పిల్లాడి నోరు తెరిపించి చూస్తే లోపల కొండనాలుక చుట్టూ బూడిదరంగు పొర, పాత పచ్చడి జాడీలో బూజు పట్టినట్టు. “కంఠసర్పి” అన్నారాయన. వేలికి గుడ్డ చుట్టి ఆ పొర లాగబోయారు. అది ఊడదండి. కండకి అంటుకుని ఉంటుంది. రక్తం వచ్చింది. పిల్లాడు వైద్యుడి వేలు కొరికాడు. పాలు పడితే ముక్కులోంచి బయటికొచ్చేసేవట. “ముక్కులోంచి పాలు రావడం నేను చూశానురా, ఇప్పటికీ పాలగ్లాసు చూస్తే నాకు గుర్తొస్తుంది” అనేది పెద్దత్త. ఎనభై దాటాక కూడా ఆవిడ పాలు తాగేది కాదు, కాఫీయే.

వాడు పోయాడు. వాడు పోయిన మూడో రోజుకి చెల్లెలికి మొదలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా దీని చుట్టూ చెప్పేదే. మన వాళ్ళకి అంటువ్యాధి గురించి తెలీదనుకోవద్దు. బాగా తెలుసు. అమ్మవారు పోసిందంటే, అంటే మశూచి, ఏం చేసేవారో మన పెద్దాళ్ళని అడగండి. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది చూస్తే ఎవడూ గడప తొక్కడు. పిల్లని ఒక గదిలో పడుకోబెట్టేవారు. ఇంట్లో తిరగమోత వెయ్యరు. బట్టలు చాకలికి వెయ్యరు. చుట్టాలు రారు, వీళ్ళు ఎవరింటికీ వెళ్ళరు. అమ్మవారు దిగి తలకి నీళ్ళు పోసేదాకా అంతే. ఇవాళ డాక్టర్లు చెప్పే ఐసోలేషన్‌లో సగం అందులోనే ఉంది. భక్తి పేరుతో చేశారు, భయం పేరుతో చేశారు, ఏదైతేనేం, చేశారు.

కలరాకి మరిడమ్మ ఉంది. పెద్దాపురం మరిడమ్మకి ఆషాఢమంతా జాతర జరుగుతుంది కదా, మన ఊళ్ళ వాళ్ళూ వెళ్తారు. గత్తర తగిలిందంటే ఊరు ఊరంతా ఏకమై ఘటాలెత్తి, డప్పులు కొట్టి, అమ్మవారిని పొలిమేర దాటించేవారు. పక్క ఊరి వాళ్ళు మళ్ళీ అవతలి ఊరికి. నవ్వకండి, పొలిమేరలో రాకపోకల మీద అందరి కన్నూ పడేది.

కంఠసర్పికి అమ్మవారు లేదండి. ఏ దేవతా దాన్ని తన పేరున పెట్టుకోలేదు. అందుకని గుమ్మానికి మండ కట్టలేదు. అయ్యో పిల్లాడు పోయాడంట అని ఊరంతా పరామర్శకొచ్చారు. చంకన పిల్లల్నేసుకుని వచ్చారు. మామ్మ తోడికోడళ్ళు వచ్చి పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని ఏడ్చారు. పోయినవాడు కప్పుకున్న దుప్పటే ఐదేళ్ళ పిల్లకి కప్పారు, చలికాలం కదా, ఇంట్లో ఉన్నవి రెండే దుప్పట్లు. అందరూ ఒక చెంబుతోనే నీళ్ళు తాగారు. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు తుంపరలతో అంటుకునే జబ్బది. ఓదార్చడానికి వచ్చిన ఒకావిడ పిల్ల కూడా ఆ నెలలోనే పోయింది. ఆవిడ మా మామ్మతో చచ్చేదాకా మాట్లాడలేదట. తప్పెవరిది? ఎవరిదని చెబుతాం?

ఐదేళ్ళ పిల్ల పోయిన పొద్దున మబ్బు పట్టింది. సముద్రంలో వాయుగుండం. డెల్టాలో కార్తీకమాసం మబ్బంటే ఏమిటో ఇక్కడున్న రైతులకి నేను చెప్పక్కర్లేదు. పనలు చేలో తడిస్తే రెండు రోజుల్లో గింజ మొలకెత్తుతుంది. పసిపిల్లలు కాబట్టి దహనాలు లేవు, కాలవ గట్టు దాటాక పూడ్చిపెట్టడమే. మా తాత పిల్లని పూడ్చి, అక్కడే కాలవలో మునిగి, తడిబట్టతో చేలోకి వెళ్ళి కూలీలతో కలిసి కుప్ప వేశాడు. చీకటి పడేదాకా వేశాడు. పెద్దత్త గంజి పట్టుకెళ్తే తాగలేదు, “పనలందించు” అన్నాడట, అంతే. పదకొండేళ్ళ పిల్ల పొద్దు గూకేదాకా పనలందించింది.

దానికి ఊళ్ళో మాటలు పడ్డాడు మా తాత. కూతురు మట్టిలో, మనిషి కుప్ప మీద అన్నారు. నా పెళ్ళిలో కూడా ఒక ముసలాయన ఎవరితోనో అంటుంటే నేను విన్నాను, “ఆ కుప్ప తాలూకు మనవడే ఇతను” అని. అరవై మంది చుట్టాల మధ్య నేనేమీ అనలేకపోయాను. ఇప్పుడంటాను, మైకుంది కదా. ఆ కుప్ప వెయ్యకపోతే మిగిలిన ఇద్దరు పిల్లలు ఏం తిని బతకాలి? శిస్తు ఎవరు కడతారు? ఆయన ఏడవలేదని మీకెవరు చెప్పారు? వాన కురుస్తుంటే కుప్ప మీద ఉన్నవాడి మొహం ఎవరు చూశారు?

సరే. మూడోవాడు. మూడేళ్ళవాడు. ఈసారి వైద్యుడి కోసం చూడలేదు. తాత పిల్లాణ్ణి భుజానేసుకుని ఏటి రేవుకెళ్ళాడు. అప్పటికి చించినాడ వంతెన లేదు, ఏ వంతెనా లేదు, వశిష్ఠ దాటాలంటే పడవే. అవతలి ఒడ్డున ఒక ఆసుపత్రి. అక్కడి డాక్టరు చూసి, దీనికి సీరం ఉంది, కానీ మా దగ్గర లేదు, కాకినాడ నుంచి తెప్పించాలి అన్నాడు. తెప్పించమన్నాడు తాత. ఎంతైనా ఇస్తానన్నాడు. రెండో రోజు రాత్రి పిల్లాడు పోయాడు. సీరం వచ్చిందో లేదో తాతకి తెలీదు, ఆయన పిల్లాణ్ణి తీసుకుని తిరుగుపడవ ఎక్కేశాడు.

పిల్లలూ, మీరు సైన్సు చదువుతున్నారు కాబట్టి చెబుతున్నాను. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, దాని విషానికి విరుగుడు సీరం బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు 1890లో కనిపెట్టారు. వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, బేరింగ్‌కి ఆ పనికే ఇచ్చారు. టీకా 1920ల నాటికే ఉంది. అంటే మా తాత రేవులో నిలబడేనాటికి ఆ మందుకి నోబెల్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ముప్ఫై ఏళ్ళయినా ఆ మందు ఏరు దాటలేదు. మా మామ్మకి తెలివిలేక పిల్లలు పోయారని, మూఢనమ్మకాల వల్ల పోయారని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది అందుకే. మందు మా ఇంటిదాకా రాలేదు. వచ్చుంటే మా మామ్మ వద్దనేదా?

అందుకే అంటాను, “నూరేళ్ళు బతికారు” అనకండి. స్వతంత్రం వచ్చిన కొత్తలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ చిల్లర. అందరూ ముప్ఫై రెండేళ్ళకే పోయేవారని కాదు. ఒకడు డెబ్భై ఏళ్ళు బతికి, ఇంకొకడు రెండో ఏట పోతే సగటు ముప్ఫై ఆరు. వెయ్యి మంది పుడితే 140 మందికి పైగా ఏడాది నిండకుండా పోయేవారు. 1911కీ 1921కీ మధ్య మన దేశ జనాభా పెరగలేదు సరికదా, తగ్గింది. ఎక్కువగా 1918 విషజ్వరం వల్ల, ఇన్‌ఫ్లుయెంజా. బతికి బట్టకట్టినవాడు మనకి తాతయ్యాడు, కాబట్టి తాతలందరూ గట్టివాళ్ళే అనిపిస్తుంది. పోయినవాళ్ళు ఎవరికీ తాతలు కాలేదు కదండీ, వాళ్ళ తరఫున మాట్లాడేదెవరు?

కాలవ నీళ్ళ గురించి కూడా అన్నారు పెద్దాయన. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాక మన డెల్టా పచ్చబడింది, ఊరూరా ఆయన విగ్రహం ఉంది, ఉండాల్సిందే, నేను దణ్ణం పెడతాను. కానీ ఆ కాలవలోనే గేదెలు, ఆ కాలవలోనే రోగి బట్టలు, ఆ కాలవ నీళ్ళే బిందెల్లో. వేసవిలో కాలవలు కట్టేశాక గుంటల్లో మిగిలిన నీళ్ళు తాగేవారు. కలరా నీళ్ళతో వస్తుంది. వాంతిభేదులకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగిస్తే మనిషి నిలబడతాడని 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ అనే బెంగాలీ డాక్టరు వేలమంది మీద చేసి చూపించాడు. ఇవాళ ఓఆర్ఎస్ ప్యాకెట్ మెడికల్ షాపులో చిల్లర లేకపోతే చాక్లెట్‌కి బదులు చేతిలో పెట్టేంత సులువుగా దొరుకుతోంది. మా మామ్మ ఇంట్లో ఉప్పూ ఉంది, బెల్లమూ ఉంది. వాంతిభేదులైతే నీళ్ళివ్వకూడదని గొంతెండబెట్టేవారు.

ఒక్క మాట, పక్కదారి అనుకోకపోతే. ఇక్కడ ఎంతమందికి ఎల్లాప్రగడ సుబ్బారావు గారు తెలుసు? చేతులెత్తండి. ... ముగ్గురు. ఇందులో ఒకరు మా సైన్సు మాష్టారు, ఆయన లెక్కలోకి రారు. 1895లో భీమవరంలో పుట్టాడాయన, ఏరు దాటితే మన పక్క ఊరు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆసిడ్ తయారుచేసిన బృందానికి నాయకుడయ్యాడు. ఆ ఫోలిక్ ఆసిడ్ స్ప్రూకే మందు. బోదకాలు రాకుండా ఏటా మనింటికొచ్చి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన ల్యాబ్ నుంచి వచ్చిందే. 1948లో అక్కడే పోయాడు, మళ్ళీ ఇంటికి రాలేదు. ఈ గ్రంథాలయంలో గోడకి పదకొండు ఫొటోలున్నాయి, ఇందాక లెక్కపెట్టాను. ఆయనది లేదు. గ్రంథపాలకురాలు గారూ, ఇది మీ మీద ఫిర్యాదు కాదు, కమిటీ మీద. నేనూ కమిటీలో ఉన్నాను కాబట్టి ఫ్రేము ఖర్చు నాది.

మా నాన్న ఆ ముగ్గురూ పోయాక పుట్టాడు. పుట్టగానే చేటలో తవుడు పోసి, దాని మీద పడుకోబెట్టి, పక్కింటావిడకి ఇచ్చేశారు. మళ్ళీ తవుడు కొలిచి కొనుక్కున్నారు. ఈ బిడ్డ మాది కాదు, దీని విలువ తవుడంత, దీని జోలికి రాకు అని మృత్యువుకి చెప్పడమన్నమాట. పేరు తవిటయ్య. స్కూల్లో ఏడిపించేవారట, అయినా మార్చుకోలేదు. మన ఊళ్ళల్లో పెంటయ్యలు, తవిటయ్యలు, పిచ్చయ్యలు ఎంతమంది ఉండేవారో గుర్తు చేసుకోండి. చాలావరకు ప్రతి పేరు వెనకా ఇద్దరు ముగ్గురు లేని పిల్లలున్నారు. ఇప్పుడు ఆ పేర్లు పెట్టడం లేదు. హాజరు పట్టీలో నేను చివరి తవిటయ్యని పిలిచి ముప్ఫై ఏళ్ళు దాటింది.

ఎందుకు పెట్టడం లేదు? మనం నాగరికులమయ్యామనా? టీకాలొచ్చాయి కాబట్టి. అరవై దాటినవాళ్ళు మీ చెయ్యి చూసుకోండి, మశూచి టీకా మచ్చ ఉంటుంది. టీకాలు వేసేవాడు ఊళ్ళోకొస్తున్నాడంటే గడ్డిమేటు చాటున పిల్లల్ని దాచిన తల్లులున్నారు, మా పెద్దత్తే తన కొడుకుని దాచింది. అయినా పట్టుకుని వేశారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో. 1980 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. 1978లో టీకాల కార్యక్రమం మొదలై, 1985 నుంచి దేశమంతా అందరు పిల్లలకీ అన్నారు. పోలియో పోయింది, 2014లో ధ్రువపత్రం ఇచ్చారు.

కంఠసర్పి మాత్రం పోలేదండి. అది మీరు గమనించాలి. ప్రపంచంలో ఎక్కువ కేసులు నమోదయ్యే దేశాల్లో మనదీ ఒకటి. ఇప్పుడు పసిపిల్లలకంటే బడికెళ్ళే పిల్లలకి, కుర్రాళ్ళకి వస్తోంది, ఎందుకంటే చిన్నప్పుడు మూడు డోసులు వేయించి, తర్వాత మర్చిపోతున్నాం. ఏడాదిన్నరకి ఒకటి, ఐదేళ్ళకి ఒకటి, పదేళ్ళకి, పదహారేళ్ళకి టీడీ అని, ధనుర్వాతానికీ కంఠసర్పికీ కలిపి వేసేవి, ఇంకో రెండు ఉన్నాయి. ఈ ఊళ్ళో ఎంతమంది పదహారేళ్ళ పిల్లలకి పడిందో నేను అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ చెప్పి ఎవరి పరువూ తీయను. కానీ మొన్న మీజిల్స్ రుబెల్లా టీకా బడిలో వేస్తామంటే ఒక తండ్రి వాట్సాప్‌లో వచ్చిన వీడియో పట్టుకుని మా నర్సమ్మ మీదకి వెళ్ళాడు. ఆ తండ్రి నా దగ్గర చదువుకున్నవాడు. వాళ్ళ ఇంటి పేరు చెబితే మీరు గుర్తుపడతారు. ఆ ఓదార్చడానికొచ్చి పిల్లని పోగొట్టుకున్నావిడ, ఇందాక చెప్పానే, ఆవిడ మునిమనవడు అతను. అతనికి ఆ సంగతి తెలీదు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మనం ముగ్గులు, ఏతాలు చెబుతాం కానీ ఇవి చెప్పం.

గంట కొడుతున్నారు, రెండు నిమిషాలు. నేను అడిగేది రెండే. ఒకటి, ఈ గ్రంథాలయంలో ఒక లావుపాటి నోటుబుక్కు పెడుతున్నాను, ఇదిగో, కొనుక్కొచ్చాను. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే ఈ పండక్కి కూర్చుని అడగండి: నీతోపాటు పుట్టినవాళ్ళెంతమంది, పోయినవాళ్ళెంతమంది, ఏ ఏట, దేనితో, వాళ్ళ పేర్లేమిటి. పదో తరగతి పిల్లలూ, మీరు రాయండి, దస్తూరీ బాగోకపోయినా ఫర్వాలేదు. మొదటి పేజీ నేను రాశాను. ఐదు వరసలుంటాయి, అందులో రెండింటికి పేర్లు లేవు, పురిట్లో పోయిన బిడ్డకి పేరు పెట్టలేదు, మూడేళ్ళవాడి పేరు పెద్దత్తకి చివర్లో గుర్తు రాలేదు.

రెండోది, మా నర్సమ్మ గారు రెండో వరసలో కూర్చున్నారు, లేచి ఒకసారి కనబడండమ్మా. టీకాలు ఎప్పటిలాగే బుధవారం, శనివారం, సబ్ సెంటర్లో. ఆవిడ రిజిస్టరు కూడా తెచ్చారు. ఐదేళ్ళు, పదేళ్ళు, పదహారేళ్ళు నిండిన పిల్లలున్నవాళ్ళు పులిహోర తినేలోపు ఆవిడకి పేరు రాయించి వెళ్ళండి. వెనక వరస కుర్రాళ్ళూ, పదహారు మీకే. నమస్కారం.